టీచరమ్మ గుర్తుపట్టిన ముఖం ఫోనుకి తెలియదట

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో పోషణ మాసోత్సవం ఘనంగా జరిగిందని ఫొటో వేశారు. రాద్దామా వద్దా అని నాలుగు రోజులు ఊరుకున్నాను. పండగ జాకెట్లు కుట్టాల్సినవి మిషను పక్కన గుట్టగా పడి ఉన్నాయి, అయినా ఊరుకోబుద్ధి కావడం లేదు. ఆ ఫొటోలో గర్భిణులు ఐదుగురు, వాళ్ల వెనకాల అధికారులు, నాయకులు కలిపి పదకొండు మంది. లెక్కపెట్టాను. బల్ల మీద మునగాకు, రాగి లడ్లు, దానిమ్మ, ఆపిల్, ఇంకా నేనెప్పుడూ కొనని గులాబీ రంగు పండొకటి. డ్రాగన్ ఫ్రూట్ అని మా కోడలు చెప్పింది. ఫొటో అయ్యాక ఆ పళ్లు ఎవరింటికి వెళ్లాయో మాత్రం మీ విలేకరి రాయలేదు.

సరిగ్గా అదే వారం కడుపుతో ఉన్న మా కోడలికి అంగన్‌వాడీ సరుకులు అందలేదు. సరుకు రాక కాదు. గుడ్ల అట్టలు, పాల ప్యాకెట్లు, రాగిపిండి, అటుకులు, బెల్లం, ఖర్జూరం, చిక్కీ అన్నీ సెంటర్లో కళ్లెదుటే ఉన్నాయి. ఇవ్వడానికే వీల్లేదట. ముఖం పడలేదు. 2025 జులై నుంచి టీచరమ్మ ఫోనులో ముఖం ఆధార్ ఫొటోతో సరిపోలితేనే సరుకు, దాన్నే మేం ముఖం పడటం అంటాం.

ఆ పూట ఏం జరిగిందో చెబుతాను. టీచరమ్మ మా కోడల్ని సున్నం గోడ ముందు నిలబెట్టి ఫోను ఎత్తి పట్టుకుంది. ‘కళ్లు ఆర్పమ్మా’ అంది. ఆర్పింది. ‘ఇంకోసారి’. ఆర్పింది. ఫోనులో గుండ్రం తిరిగి తిరిగి ఆగిపోయింది. లోపల వెలుతురు చాలదేమోనని వీధిలోకి తెచ్చారు. ఎండ మరీ ఎక్కువైందని వేపచెట్టు కిందకి తీసుకెళ్లారు. అక్కడ సిగ్నల్ లేదని పక్కింటి మిద్దె మీదికి. ఏడో నెల మనిషిని మిద్దె మెట్లెక్కించారండీ, పాతిక గుడ్ల కోసం! చివరికి సరిపోలడం లేదని వచ్చింది. ఎందుకు సరిపోలుతుంది? ఆధార్ కార్డులో ఫొటో పెళ్లికి ముందుది. అప్పట్లో పుల్లలా ఉండేది. ఇప్పుడు ముఖానికి నీరు పట్టింది. కడుపుతో ఉందని తిండి ఇస్తారు, కడుపుతో ఉండి ముఖం మారిందని ఆపుతారు. ఈ తెలివి ఎవరిదో గానీ చేతులెత్తి దండం పెట్టాలి.

పోనీ మళ్లీ ఈకేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని ఖరారు చేసుకునే పని, చేద్దామంటే ఓటీపీ మా అబ్బాయి నంబరుకి వెళ్తుంది. వాడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. ఫోను కింద సంచిలో, మనిషి నాలుగో అంతస్తులో. సాయంత్రం దిగొచ్చి, చూసుకుని, ఫోన్ చేసి నంబరు చదివాడు పాపం. అప్పటికి దానికి కాలం చెల్లి పూట గడిచింది.

టీచరమ్మని నేనేమీ అనను. మా అబ్బాయి పెళ్లికి వచ్చి భోంచేసి వెళ్లిన మనిషి. మా మనవరాలిని మొదటిసారి బరువు తూచిందీ ఆమే. మా కోడలెవరో ఆమెకి తెలియదా? ఇదివరకు రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని ఇచ్చేది. ఇప్పుడు సంతకం చెల్లదు, తెలిసిన మనిషి మాటా చెల్లదు. దొంగ పేర్లు ఆపడానికే ఇదంతా అంటారు. దొంగ పేర్లు లేవని నేననను, గుడ్లు, పాలు పక్కదారి పట్టడం మనకేమీ కొత్త కాదు. కానీ ఆ దొంగల్ని గోదాములో వెతకాలా, మా కోడలి కనురెప్పల మీదా?

పేర్లు మార్చడంలో మాత్రం మనవాళ్లకి సాటి లేదు. గర్భిణులకి తిండి పెట్టే ఈ పథకాన్నే ఇందిరమ్మ అమృత హస్తం అన్నారు, అన్న అమృత హస్తం అన్నారు, 2020లో సంపూర్ణ పోషణ అన్నారు, ఇప్పుడు బాల సంజీవని. ఢిల్లీ వాళ్లు తక్కువ తిన్నారా, అంగన్‌వాడీల్ని నడిపే పథకానికున్న ఐసీడీఎస్ అనే పేరుని సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 చేశారు. ప్రతిసారీ అట్ట మీద బొమ్మ మారింది. లోపలి గుడ్డు అదే సైజు. కేంద్రం లెక్కలో మామూలు బిడ్డ తిండికి రోజుకి 8 రూపాయలు, గర్భిణికి 9 రూపాయల 50 పైసలు. 2017లో కట్టిన లెక్క అది. రాష్ట్రం తన డబ్బు కొంత కలుపుతుంది, నిజమే. మా వీధి చివర టీ అయితే ఇప్పుడు పది రూపాయలు.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు పేపర్లో వస్తే కత్తిరించి పెట్టుకున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు, 63 మందికి రక్తం తక్కువ. నాకు సర్వే ఎందుకు గానీ, టేపు చాలు. ఐదేళ్ల పిల్లకి గౌను కుట్టమని తెస్తారు, కొలత తీస్తే మూడేళ్ల పిల్ల కొలత వస్తుంది. ‘కాస్త వదులుగా కుట్టక్కా, ఎదుగుతుంది’ అంటారు తల్లులు. ఏడాది తర్వాత అదే గౌను ఇంకా వదులుగానే ఉంటుంది.

డబ్బు సంగతీ చెప్పి తీరాలి. గర్భిణికి 6,000 రూపాయలకి తగ్గకుండా ఇవ్వాలని 2013 ఆహార భద్రత చట్టంలోనే రాసుకున్నారు. గర్భిణులకి డబ్బిచ్చే కేంద్ర పథకం మాతృ వందన కింద మొదటి కాన్పుకి ఇచ్చేది 5,000. రెండో కాన్పుకి 6,000 ఇస్తారు, అయితే ఆడపిల్ల పుడితేనే. మా కోడలికిది రెండోది. మగపిల్లాడు పుడితే ఈ తొమ్మిది నెలలూ దానికి ఆకలి వేయలేదనా అర్థం? ఆడపిల్లల్ని ప్రోత్సహించడానికి అంటారు. ప్రోత్సహించండి, వద్దన్నదెవరు?

ఇక టీచర్లు. ఉద్యోగులు కారట, కార్యకర్తలట. జీతం కాదట, గౌరవ వేతనమట. 2019లో 11,500 చేశారు, గౌరవం అక్కడే ఆగింది. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేస్తే సెంటర్ల తాళాలు పగలగొట్టారు, జనవరిలో ఎస్మా పెట్టారు, అత్యవసర సర్వీసుల్లో సమ్మె చేయకూడదనే చట్టం అది. సమ్మె చేసినప్పుడు అత్యవసర సర్వీసు, జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవ! వీళ్లకి గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు ఇచ్చే డబ్బు, హక్కుగా ఉందని చెప్పడానికి 2022లో సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. వంటకి గ్యాస్, పిల్లలకి పాట, బాలింతలకి సలహా, ఓట్ల జాబితా పని, అన్నీ వాళ్ల నెత్తినే. ఇప్పుడు మిద్దెలెక్కి ముఖాలు పట్టడం ఒకటి.

1975 అక్టోబరు 2న దేశం మొత్తం మీద 33 బ్లాకుల్లో మొదలైన పథకం ఈ అంగన్‌వాడీ. యాభై ఏళ్లు నిండాయి. మా ఊరికి తర్వాతెప్పుడో వచ్చింది. మా అబ్బాయి అక్కడే ఉప్మా తిన్నాడు, అక్కడే ‘అ’ దిద్దాడు. వాడికి పెట్టేటప్పుడు ముఖం ఎవరూ అడగలేదు, గిన్నె తెచ్చుకోమన్నారు అంతే.

నేనడిగేది పెద్ద సంగతేం కాదు. ముఖం పడని రోజు టీచరమ్మ సంతకం పెట్టించుకుని సరుకు ఇచ్చేయాలి. ఫోను సంగతి అధికారులు ఆఫీసులో కూర్చుని తీరిగ్గా చూసుకోవచ్చు. ఈ నెల చివరికి మా కోడలికి ఎనిమిదో నెల వస్తుంది, ఇంక మిద్దె ఎక్కించను.

ఈ ఉత్తరం వేస్తే నా పేరు, ఊరు వేయకండి. వేశారంటే మెమో ముందు మా టీచరమ్మకే వస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా