మామిడి సీజను, పిల్లల హాజరు: తల్లిదండ్రులకు ఒక మాట

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

జూన్ 12న బడి తెరిచాం. బాలకార్మిక వ్యతిరేక దినం కూడా అదే రోజు. మన దామలచెరువు వైపు మాత్రం అప్పటికే మండీలు కిటకిటలాడుతుంటాయి. తోతాపురి కోతలు ఊపందుకున్నాయంటే మా ఏడు, ఎనిమిది తరగతుల బెంచీలు ఖాళీ. పోయిన సీజనులో ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు లెక్కల నోటుబుక్కు ఇచ్చాడు. అట్టంతా సొన మరకలు, వాడి వేళ్ల సందుల్లో పొక్కులు. "మండీలో కాయలు ఏరినా సార్" అన్నాడు.

1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించాక, 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ కూలికి పెట్టుకోకూడదు. పెట్టుకున్నవారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, ఒక్కోసారి రెండూ. 14 దాటినా 18 నిండేదాకా గనులు, పేలుడు పదార్థాల వంటి ప్రమాదకరమైన పనులు కూడదు.

"మా తోటలో మావాడు చేయి వేస్తే తప్పా సార్?" అని చాలామంది అడుగుతారు. తప్పు కాదు. అమ్మానాన్నలు, తోడబుట్టినవాళ్లే కాదు, మేనమామ, పిన్ని, బాబాయి, మేనత్త కూడా ఈ చట్టం లెక్కలో కుటుంబమే. అయితే పని ప్రమాదం లేనిదై ఉండాలి, బడి వేళల్లో ఉండకూడదు, రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకా అసలే చేయించకూడదు. తెల్లారకముందే డెయిరీకి పాలు పోసే ఇళ్లలో ఈ 8 గంటల రూలు ఇబ్బందేనని నాకూ తెలుసు. పక్క తోటాయన మాత్రం, మీరు ఎంత మామా అని పిలుచుకున్నా, కుటుంబం కిందికి రాడు.

మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పిల్లవాడి పనితో తీర్చడం ఇంకా పెద్ద నేరం, వెట్టిచాకిరీ. అలాంటి బాకీ చెల్లదని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టమే చెబుతోంది. కాబట్టి అప్పు పేరు చెప్పి ఎవరైనా బెదిరిస్తే భయపడకండి.

ఇక నా సంగతి. చెప్పాపెట్టకుండా పిల్లలు వరుసగా 30 రోజులు రాకపోతే ప్రధానోపాధ్యాయుడు నోడల్ అధికారికి, అంటే బాలకార్మిక చట్టం అమలు చూసే అధికారికి, తెలపాలని ఆ చట్టం కింద వచ్చిన 2017 నిబంధనలు చెబుతున్నాయి. నేను తెలుపుతాను, మొహమాటపడను. అంతదాకా తెచ్చుకోవద్దు. ఇంట్లో జబ్బయినా, డబ్బు టెన్షనైనా ముందే వచ్చి చెప్పండి. సాయంత్రం ఐదున్నర దాకా ఆఫీసు గదిలోనే ఉంటాను. ఎక్కడైనా పిల్లలతో పని చేయిస్తున్నట్టు కనబడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, ఏ వేళైనా పలుకుతారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు