ఆన్‌లైన్ కోర్సుల తయారీ గురించి ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారములతో,

నేను గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు ఇరవై ఏళ్లుగా అకౌంటెన్సీ బోధిస్తున్న అధ్యాపకురాలిని. 2017లో మొదలైన, కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’పై, ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు చదువుకొని క్రెడిట్లు పొందడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2021లో వీలు కల్పించింది. పిల్లల డిగ్రీలో ఇంత భాగం ఆన్‌లైన్ కోర్సుల మీద ఆధారపడగలిగినప్పుడు, ఆ కోర్సులను ఎవరు, ఎంత సమయం తీసుకుని, ఏ క్రమంలో తయారుచేస్తున్నారో ప్రభుత్వం పట్టించుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

2020లో కళాశాలలు మూసి ఉన్న నెలల్లో నేను తరగతిలో చెప్పే పాఠాన్నే యాభై నిమిషాల వీడియోగా తీసి పెట్టాను. మిర్చి యార్డులో పనిచేసే తండ్రి రాత్రి తొమ్మిదికి ఇంటికి వస్తే గాని ఫోను చేతికి రాని ఒక విద్యార్థిని, పాఠం సగానికి వచ్చేసరికి ఆ రోజు డేటా అయిపోతోందని చెప్పింది. అప్పుడు తరుగుదల, అంటే వాడకం వల్ల యంత్రం వంటి ఆస్తి విలువ ఏటా తగ్గడాన్ని లెక్కకట్టే అధ్యాయాన్ని, మళ్లీ మొదటి నుంచి రాశాను. ముందుగా చివరి ప్రశ్న తయారుచేశాను: ఒక కోల్డ్ స్టోరేజీ యంత్రం ఖరీదు 10 లక్షలు, జీవితకాలం పదేళ్లు, చివరకు తుక్కు విలువ లక్ష రూపాయలు. ఏటా ఒకే మొత్తం తగ్గించే స్థిర వాయిదాల పద్ధతిలో ఏటా 90 వేలు తరుగుదల రాయాలి. ఏటా మిగిలిన విలువ మీద లెక్కకట్టే తగ్గుతున్న నిల్వల పద్ధతిలో 10 శాతం చొప్పున మొదటి ఏడు లక్ష, రెండో ఏడు 90 వేలు. ఆ రెండో ఏడాది దగ్గరే చాలామంది పిల్లలు మళ్లీ అసలు ఖరీదు మీదే 10 శాతం కట్టి లక్ష అని రాస్తారు. అందుకే పాఠాన్ని ఎనిమిది నిమిషాల ముక్కలు చేసి, సరిగ్గా అక్కడ వీడియో ఆపి ఒక చిన్న లెక్క పెట్టాను. తప్పు చేసినవారికి ఆ తప్పు ఎందుకు వచ్చిందో వెంటనే చూపించాను. ఆ ఒక్క అధ్యాయానికి మూడు వారాలు పట్టింది.

స్వయం కోర్సుకు వీడియో, చదువుకునే పాఠం, చర్చావేదిక, స్వీయ మూల్యాంకనం అని నాలుగు అంగాలు ఉండాలని నియమం. నేను చూసినంతలో డబ్బు, శ్రద్ధ వీడియోకే పోతాయి. ప్రశ్నలు చివరి వారంలో హడావిడిగా రాస్తారు. అది తలకిందుల పని. కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏమి చేయగలగాలో తేల్చుకుని, దాన్ని పరీక్షించే ప్రశ్న రాసిన తరువాతే కెమెరా ముందు నిలబడాలి.

మాధ్యమం సంగతి కూడా మనవి చేసుకోవాలి. మన రాష్ట్రంలో డిగ్రీ చదువు 2021-22 నుంచి ఇంగ్లీషులోకి మారింది. పరీక్ష ఇంగ్లీషులోనే రాయనివ్వండి, కాని మా పిల్లలకు లెక్కలోని మెలిక తెలుగులో చెప్తేనే పట్టుబడుతుంది. కాబట్టి ప్రతి కోర్సులో తెలుగు వివరణ తప్పనిసరి చేయాలి.

కోర్సు తయారుచేసే అధ్యాపకులకు ఒక సెమిస్టర్ పాటు తరగతుల భారం తగ్గించాలని, అందరికీ విడుదల చేసే ముందు దాన్ని పల్నాడులోని ఏదైనా ప్రభుత్వ కళాశాల విద్యార్థుల చేత చదివించి, వారు ఆగిపోయిన చోట్ల దిద్దాలని ఉన్నత విద్యామండలిని ఆదేశించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. దూరవిద్యలో అనుభవమున్న నాగార్జున విశ్వవిద్యాలయం గుంటూరు, విజయవాడల మధ్యనే ఉంది. ఈ పని అక్కడ మొదలుపెట్టవచ్చు. నా తరుగుదల అధ్యాయాన్ని, విద్యార్థులు చేసిన తప్పుల పట్టికతో సహా, మీరు నియమించే కమిటీకి అందజేయడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయురాలు,
ఒక వాణిజ్యశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు