ఆ మూడు గడులు సరిచేయండి

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ విద్యార్థుల పేజీలో వచ్చిన ఆవర్తన పట్టిక గురించి ఈ ఉత్తరం. సవరణ మీరే వేస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. వేయలేదు. పొలోనియం నుంచి చివరి ఒగనెసన్ దాకా గడులన్నీ ఎరుపు, మిగతావన్నీ ఆకుపచ్చ. ఎరుపువి రేడియోధార్మిక మూలకాలట, అంటే కేంద్రకాలు వాటంతటవే విఘటనం చెంది (విరిగి) కణాలో కిరణాలో వదిలేవి. ఆకుపచ్చవి స్థిరమైనవట. ఎంతమంది పిల్లలు దాన్ని కత్తిరించి గోడకు అంటించుకున్నారో!

43వ గడిలో టెక్నీషియం, 61లో ప్రొమీథియం. ఒకే మూలకం పరమాణువుల్లో న్యూట్రాన్ల సంఖ్యను బట్టి ఉండే రకాలే ఐసోటోపులు. ఈ రెండింటికీ స్థిరమైన ఐసోటోపు ఒక్కటంటే ఒక్కటి లేదు. 1937లో, మానవులు తయారుచేసిన టెక్నీషియాన్ని గుర్తించేదాకా ఆ గడి ఖాళీగానే ఉండేది. అటు మాలిబ్డినం, ఇటు రుథీనియం నిక్షేపంగా ఉన్నాయి, మధ్యలో ఇది నిలవదు. ఈ వింత చెబితే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. మీ పట్టిక ఆ గడికి ఆకుపచ్చ పులిమేసింది.

83వది బిస్మత్. అది స్థిరమైనదనే నేనూ ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. 2003లో ఫ్రాన్స్‌లో శాస్త్రవేత్తలు అదీ ఆల్ఫా కణాలు వదులుతోందని కొలిచి చూపించారు. దాని అర్ధజీవిత కాలం, అంటే ఉన్నదాంట్లో సగం విఘటనం చెందడానికి పట్టే కాలం, విశ్వం వయసుకు 100 కోట్ల రెట్ల పైనే కాబట్టి చేత్తో పట్టుకున్నా భయం లేదు. కానీ లెక్క లెక్కే. స్థిరమైన ఐసోటోపులున్న చివరి మూలకం సీసం, 82.

అసలు మూలకానికంతా కలిపి ఒక రంగు వేయడంలోనే చిక్కుంది. రేడియోధార్మికత కేంద్రకం గుణం, ఐసోటోపును బట్టి మారిపోతుంది. కోబాల్ట్-59 ఎన్నాళ్లయినా అలాగే ఉంటుంది, కోబాల్ట్-60 అయిదేళ్లు దాటేసరికి సగమైపోతుంది. మీరు ఆకుపచ్చ వేసిన పొటాషియంలో ప్రతి 10,000 పరమాణువులకు ఒకటి చొప్పున పొటాషియం-40 ఉంటుంది. దాని వల్లే 70 కిలోల మనిషి ఒంట్లో సెకనుకు 4,000కు పైగా కేంద్రకాలు విఘటనం చెందుతుంటాయి. మీ ఒంట్లోనూ, నా ఒంట్లోనూ.

ఇది తెలియకపోతే ఏమవుతుందో పోయిన నెల చూశాను. మా పక్కింటి పెద్దావిడకు ఎముకల స్కాన్ రాశారు. ఇంజెక్షన్‌లో టెక్నీషియం-99ఎం ఉంటుందని కాగితంలో చూసి, అది రేడియోధార్మికమని ఎవరో చెప్పగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. చేయించుకోనని ఆవిడ మొండికేశారు. నేను వెళ్లి పాత కవరు వెనక గీసి చూపించాను: 6 గంటలకు సగం, 12 గంటలకు పావు, ఒక రోజుకు 16వ వంతు. ఆవిడ వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టుకుని, ‘ఇంతేనా మాష్టారూ’ అన్నారు. మర్నాడే వెళ్లి చేయించుకున్నారు.

తప్పు మీ ఒక్కరిదే అనను. మా మనవరాలు పరీక్షలో బిస్మత్ రేడియోధార్మికమని రాస్తే మార్కు కొట్టేశారు. అడిగితే ‘జవాబుల కీలో అలా లేదు’ అన్నారు. 2003 నుంచి ఇన్నేళ్లయినా ఒక్క వాక్యం మార్చడానికి అధికారులకు తీరిక దొరకలేదా? కీ రాసేవారు చదవరు, ఆమోదించేవారు చూడరు, సరిగ్గా రాసిన పిల్లకు మాత్రం మార్కు పోతుంది. వార్తల్లో చూసినా అంతే. ‘రేడియేషన్’ అని పెద్దక్షరాల్లో శీర్షిక ఉంటుంది, ఏ ఐసోటోపో, ఎంత మోతాదో ఎక్కడా ఉండదు.

దయచేసి ఆ పట్టికను అదే పేజీలో, అదే సైజులో మళ్లీ వేయండి. 43, 61, 83 గడులు సరిచేసి, ప్రతి ఎర్ర గడిలోనూ ఎక్కువ కాలం నిలిచే ఐసోటోపు అర్ధజీవిత కాలం రాయండి. మూలన రెండు లైన్ల సవరణ వేస్తే సరిపోదు. పిల్లలు గోడ మీది పట్టిక తీసేసి కొత్తది అంటించుకోవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు