సుగ్గికి పోయే పిల్లలనూ లెక్కలో పెట్టండి

సంపాదకులకు,

వానలు ముఖం చాటేసిన ఏడాది కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు పల్లెల్లో ఇళ్ళకు తాళాలు పడతాయి. గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస, పోతారు. పిల్లలూ వెంటే. పదేళ్ళ ఆడపిల్ల బడి మాని, చేను గట్టున చీర ఉయ్యాలలో చంటోణ్ణి ఊపుతూ కూర్చుంటుంది. ఆ పనికి కూలీ ఉండదు, హాజరు పట్టీలో మాత్రం గైర్హాజరు పడుతుంది.

టీసీ (బడి మారేటప్పుడు పాత బడి ఇచ్చే బదిలీ పత్రం) ఆలస్యమైందన్న సాకుతో ఏ ప్రభుత్వ బడీ పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. అయినా కాగితాల కోసం తిప్పించుకునే బళ్ళున్నాయి. తల్లిదండ్రులు వలస పోయినా పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టళ్ళు మంచి ఏర్పాటే, కానీ జనం బండెక్కాక తెరిస్తే ఎవరికి ఉపయోగం?

ఇంకో మాట. ఈ సరిహద్దు పల్లెల్లో చాలా ఇళ్ళలో కన్నడమే మాట్లాడతారు, ఆదోనిలో ఉర్దూ, తండాల్లో లంబాడీ. అంగన్‌వాడీలో అంతా తెలుగే అయితే మూడేళ్ళ బిడ్డ నోరు మెదపదు, మొద్దు అని ముద్ర వేసేస్తారు. ఇక వినికిడి లోపమున్న బిడ్డకు సుగ్గిలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఊసే ఉండదు.

వెళ్ళే పిల్లల జాబితా ముందే గుంటూరు అధికారులకు పంపితే, చేలకు దగ్గర్లోని బడి, అంగన్‌వాడీ వాళ్ళను చేర్చుకోవచ్చు. ఇద్దరు కలెక్టర్లు ఫోన్లో మాట్లాడుకుంటే అయ్యే పనే ఇది.

– ఒక పాఠకుడు, ఎమ్మిగనూరు