ఓపీ చీటీ మీద రాసిన జబ్బు

ప్రియమైన శారదా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ బదులు రాయకపోవడానికి కారణం నా బద్ధకం కాదు. మా వెనక వాటాలో అద్దెకుంటున్న అమ్మాయిని నీవు పోయిన సంక్రాంతికి చూశావు, పేరు రాయను. ఆమెపై అత్యాచారం జరిగిన మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లినది నేనే. అప్పటికే వాళ్ల అత్తగారు తలస్నానం చేయించి, బట్టలన్నీ ఉతికి ఆరవేసింది. పాపం, ఆవిడకు తెలిసిన ఓదార్పు అదొక్కటే.

ఓపీ కిటికీ దగ్గర, వెనక పాతికమంది నిలబడి ఉండగా, గుమాస్తా తలెత్తకుండానే "ఏం జబ్బు?" అని గట్టిగా అడిగాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "కడుపునొప్పి" అంది. చీటీ మీద అదే పడింది. ఆ చీటీ పట్టుకుని జనరల్ మెడిసిన్ వరుసలో రెండు గంటలు కూర్చున్నాము. నేనైనా నిజం చెప్పవలసింది కానీ, ఆ మాట నా నోటా రాలేదు.

చివరికి ఒక డాక్టరమ్మను పక్కకు పిలిచి చెబితే, ముందు పోలీసు కాగితం తెమ్మన్నారు. స్టేషనుకు వెళితే తమ పరిధి కాదన్నారు. నిజానికి పోలీసు కాగితం లేకున్నా పరీక్ష చేయాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే వెంటనే ఉచితంగా చికిత్స చేసి, పోలీసులకు తామే కబురు పెట్టాలని 2013 నుంచి చట్టంలో ఉంది, 2024 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ 397వ సెక్షనుగా కొనసాగుతోంది. నేరం ఏ పరిధిలో జరిగినా జీరో ఎఫ్.ఐ.ఆర్. రాసుకోవలసిందే. ఆ రోజు నాకివేవీ తెలియవు. శరీరం మీది ఆధారాలను 96 గంటలలోపే సేకరించాలని, గర్భనిరోధక మాత్ర 72 గంటలలోపు ఎంత త్వరగా వేస్తే అంత మంచిదని హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రంలో కౌన్సిలరు చెబుతుంటే, మేము తిరిగిన గడప గడపకూ ఎన్ని గంటలు పోయాయో మనసులో లెక్కవేసుకున్నాను.

ఆ కేంద్రంలో మాత్రం ఆమెకు ముందు టీ ఇచ్చి, తలుపు వేసి, తొందరపెట్టకుండా విన్నారు. అయితే జరిగినదంతా చెప్పుకోవడం ఆమెకు అది ఐదోసారి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చన్న బోర్డు నాకు కనిపించినది కూడా అక్కడే, అంటే దారి తెలిసి వచ్చినవాళ్ల కోసమే!

మీ ఆయన పనిచేసే ఏరియా ఆసుపత్రిలో ఓపీ కిటికీ పక్కన అలాంటి బోర్డు ఉందేమో, గుమాస్తా ఏమని అడుగుతాడో ఒకసారి చూసి రాయమను.

నీ
లలిత