మొదట నా ఒక్కదానికే

చిన్నీ,

మొన్న ఫోన్లో "అమ్మా, గురువారంతో నేను మీ టికెట్ అయిపోతున్నానా?" అని నవ్వావు, ఆ రోజు నీకు 21 నిండుతాయి కదా, మా గ్రీన్ కార్డులకు నువ్వే అర్జీ పెట్టొచ్చు. నేనూ నవ్వేశాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇవన్నీ ఫోన్లో చెప్పబోతే మధ్యలో గొంతు పట్టేస్తుంది, అందుకే రాస్తున్నాను. రెండో తరగతి దాకా ఇండియాలో చదివావు కాబట్టి నా చేతిరాత చదవగలవు. ఎక్కడైనా అర్థం కాకపోతే తమ్ముణ్ణి మాత్రం అడక్కు. వాడికింకా ఏమీ చెప్పలేదు.

నువ్వు 2004లో ఇక్కడ అమెరికాలో పుట్టావు. ఇక్కడ పుడితే పౌరసత్వం వస్తుందని తెలుసు, అంతే. అది మాకు ఎప్పుడో పనికొస్తుందన్న ఆలోచనే లేదు. 2006లో మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాం కూడా. 2008లో తమ్ముడు అక్కడే పుట్టాడు. 2012లో నాన్న ఉద్యోగం మళ్లీ ఇక్కడికి లాక్కొచ్చింది. పార్టీల్లో ఎవరో ఒకరు "మీకేం, అమ్మాయి సిటిజన్" అంటూనే ఉంటారు. 21 ఏళ్లు ఆగితే గానీ పనికిరాని ప్లాను ఎవరైనా వేస్తారా చెప్పు?

నాన్న గ్రీన్ కార్డు వరుస సంగతి నీకు తెలిసిందే. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకీ 7 శాతం మించకూడదని రూలు. నాన్న ప్రయారిటీ డేట్, అంటే వరుసలో చేరిన తేదీ, 2014లోది. వరుస ఏ తేదీ దాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ వచ్చిన రోజు ఆయన టీ తాగే తీరు చూస్తే చాలు, తేదీ కదిలిందో లేదో నాకు తెలిసిపోతుంది. పౌరుల తల్లిదండ్రులకు ఈ కోటా గొడవ లేదు. పిల్లలకు 21 నిండితే చాలు, వెంటనే అర్జీ వెయ్యొచ్చు.

పోయిన నెల లాయరు దగ్గరికి వెళ్లాం. మా ఇద్దరికీ ఒకేసారి వేయించుకుందాం అనుకున్నాం. ఆవిడ "మీ అబ్బాయి వయసెంత?" అని అడిగి, పెన్ను పక్కన పెట్టేసింది.

నువ్వు మాకు వేసే ఐ-130 అర్జీలో తమ్ముడు రాడు. ఎవరిది వాళ్లకే, పిల్లలు వెంట రారు. అక్కవి కాబట్టి వాడికి నువ్వే విడిగా వెయ్యొచ్చు గానీ, తోబుట్టువుల వరుస పదిహేనేళ్ల పైమాటే. అసలు చిక్కు ఇంకోటి ఉంది. నీ ద్వారా నాన్నకి కార్డు వచ్చిందంటే ఆయన హెచ్-1బి ఉద్యోగ వీసా పోతుంది. దాన్ని పట్టుకుని ఉన్న తమ్ముడి హెచ్-4 వీసా కూడా పోతుంది. నాలుగేళ్లప్పుడు వచ్చిన పిల్లాడు, మన ముగ్గురి మధ్యా వాడొక్కడే ఏ స్టేటసూ లేకుండా మిగులుతాడు.

అందుకని మొదట నా ఒక్కదానికే వెయ్యి. నాన్న హెచ్-1బిలోనే ఉంటారు, తమ్ముడు హెచ్-4లోనే ఉంటాడు. నా కార్డు చేతికొచ్చాక వాడికి నేను వేస్తాను. ఆ వరుసా కొన్నేళ్లు పడుతుంది, వాడికేమో 2029లో 21 నిండుతాయి, అప్పుడిక పిల్లాడి లెక్కలోకి రాడు. పిటిషన్ పెండింగ్‌లో ఉన్న రోజుల్ని వయసులోంచి తీసేస్తారట, అదొక ఊరట. మొదట నాకు అని అడగడం నాకే ఎబ్బెట్టుగా ఉంది. ఇన్నేళ్లూ లైన్లో నిలబడింది ఆయన, ముందు దాటేది నేను.

బీరువాలోంచి నీ ఫైలు తీశాను. పైనే ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితం ఉంది, నల్ల సిరాలో రెండు చిట్టి పాదాలు, ఎడమ కాలి ముద్ర కాస్త అలుక్కుపోయి. అది చెల్లదట, ప్రభుత్వం ఇచ్చిన బర్త్ సర్టిఫికెటే కావాలి. నువ్వు నా కూతురివని చూపించడానికి అదొక్కటి చాలు. నాన్నకి వేసేటప్పుడైతే మా పెళ్లి సర్టిఫికెట్ కూడా జత చెయ్యాలట. అది విని ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నారు.

ఐ-864 అనే కాగితం మాత్రం నిదానంగా చదువు. నేను ప్రభుత్వం మీద భారం కాకుండా చూసుకుంటానని నువ్వు రాసిచ్చే పత్రం అది. పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపించాలి. నీకింకా జీతం లేదు. నాన్నకి జీతం ఉన్నా, కార్డు లేదు కాబట్టి జాయింట్ స్పాన్సర్‌గా నిలబడలేరు. ఆయన స్నేహితుడొకరు సంతకం పెడతానన్నారు, అయినా నీ సంతకం తప్పదు. నేను సిటిజన్ అయ్యేదాకానో, నా ఖాతాలో 40 క్వార్టర్ల, అంటే సుమారు పదేళ్ల, పని లెక్క పడేదాకానో ఆ బాధ్యత నీ మీద ఉంటుంది. రేపు నీకు పెళ్లయినా, మన మధ్య మాటలు లేకపోయినా అంతే. నువ్వు పెట్టబోయే మొదటి పెద్ద సంతకం ఇదే కావడం నాకు అంత ఇష్టంగా లేదు.

ఆలోచించుకుని చెప్పు. వద్దనిపిస్తే అదీ చెప్పు, నాన్న వరుస ఎలాగూ ఉంది. గురువారం ముగ్గురం ఫోన్ చేస్తాం. ఆ రోజు ఈ కాగితాల ఊసెత్తను.

అమ్మ