బెల్టు పెట్టుకుంటే కాలవలో ఇరుక్కుపోతామా?

సంపాదకులకు,

అయ్యా,

కాలవలో కారు పడిందని పేపర్లో వార్త వచ్చిన ప్రతిసారీ మా డెల్టా ఊళ్ళల్లో టీకొట్ల దగ్గర ఒక మాట తిరుగుతుంది: "బెల్టు పెట్టుకున్నారు కాబట్టే బయటికి రాలేకపోయారు, పాపం." ఈ మాట నమ్మి హైవే మీద పెట్టుకున్న బెల్టుని కాలవగట్టు రోడ్డు ఎక్కగానే తీసేసేవాళ్ళు ఉన్నారు. ప్రాణాలు తీసే మాట ఇది. కార్లు నడపడం నేర్పడం, గుద్దుకున్న బళ్ళు బాగుచేయడం మా వృత్తి. అందుకని ఈ ఉత్తరం కాస్త పొడుగైనా వేయమని కోరుతున్నాం.

కారు కాలవలో పడడం అంటే మెత్తగా నీళ్ళలోకి దిగడం కాదు. ముందు గట్టు మీది చెట్టుకో, రాయికో తగులుతుంది. తర్వాత ఆరేడు అడుగుల కిందకి ముక్కు కిందకి వాలి పడుతుంది. బెల్టు లేనివాడి తల ఆ రెండు దెబ్బల్లో స్టీరింగుకో, టాపుకో, పక్కవాడి తలకో తగులుతుంది. స్పృహ తప్పినవాడు మూడడుగుల నీళ్ళలో కూడా మునిగిపోతాడు. బెల్టు ఉన్నవాడికి మెలకువ ఉంటుంది, చేతులు ఆడతాయి, ఎర్ర బటన్ నొక్కితే బెల్టు ఒక్క సెకనులో ఊడుతుంది. ఇరుక్కోవడం అనేది ఎప్పుడో ఒకసారి జరిగేది. తలకి దెబ్బ తగలడం తరచూ జరిగేది.

వేగం ఎంత దెబ్బ కొడుతుందో చెప్పడానికి శిక్షణలో మేం కొబ్బరిచెట్టు లెక్క చెబుతాం. 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఉన్నపళంగా ఆగిపోతే అది 20 అడుగుల ఎత్తు నుంచి పడినట్టు. 60 అయితే 46 అడుగులు, అంటే బాగా ఎదిగిన కొబ్బరిచెట్టు మొవ్వు నుంచి జారినట్టు. 80 అయితే 80 అడుగులు దాటుతుంది. చెట్టెక్కేవాళ్ళు మోకు లేకుండా ఎక్కరు. అంతకంటే ఎత్తు నుంచి పడే వేగంతో వెళుతూ మనం మాత్రం బెల్టు పక్కన పడేసి కూర్చుంటాం.

వెనక సీటు సంగతి ఇంకా అన్యాయం. వెనక కూర్చున్నవాళ్ళకీ బెల్టు చట్టప్రకారం తప్పనిసరి, లేకపోతే 1000 రూపాయల జరిమానా ఉంది. అయినా మన దగ్గర వెనక బెల్టులు సీటు కవర్ల కిందే ఉండిపోతాయి. కారు కొన్నవాళ్ళు ఈ ఆదివారం కవరు పైకెత్తి ఆ బకిల్స్ బయటికి తీస్తే చాలు, సగం పని అయినట్టే. 2022 సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయింది వెనక సీట్లోనే, బెల్టు లేకుండానే. వెనకవాడు బెల్టు పెట్టుకోకపోతే ముందు సీటుని గుద్ది ముందున్నవాణ్ణీ చంపగలడు. ఇక ముందు సీట్లో ఒళ్ళో పసిపిల్లాణ్ణి పెట్టుకునే తల్లులకి ఒక్క మాట. 50 కిలోమీటర్ల వేగంలో కారు గుద్దుకున్న ఆ క్షణంలో 12 కిలోల బిడ్డ నాలుగు ధాన్యం బస్తాల బరువుతో ముందుకి పోతాడు. ఎంత గట్టిగా పట్టుకున్నా ఏ తల్లి చేతులూ ఆపలేవు. పైగా ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఉంటే అది నేరుగా బిడ్డ మీదే విచ్చుకుంటుంది. పిల్లలు వెనక సీట్లో, వాళ్ళ వయసుకి తగ్గ సీట్లో ఉండాలి.

బెల్టు పెట్టుకునే తీరు కూడా ముఖ్యమే. కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఉండాలి. గర్భిణులైతే పొట్ట కిందుగా వేసుకోవాలి. పై పట్టీ మెడకి రాసుకోకుండా భుజం మధ్య నుంచి రావాలి, చంక కింద నుంచి తీయకూడదు. బీప్ శబ్దం రాకుండా బకిల్‌లో పెట్టే డమ్మీ క్లిప్పుల్ని ఆన్‌లైన్‌లో అమ్మకుండా 2023లోనే కేంద్రం ఆదేశాలిచ్చింది. ఇంకా ఎవరి కారులోనైనా ఉంటే తీసి పారేయండి.

అసలు కార్లు కాలవలోకి ఎందుకు పోతున్నాయి? నిద్ర, తాగుడు, వేగం అందరికీ తెలిసినవే. ఎవరూ చెప్పని కారణం ఇంకొకటి ఉంది, రోడ్డు అంచు. మన గట్టు రోడ్లకి ఏటా తారు మీద తారు వేస్తూ పోయారు, పక్క మట్టి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. దాంతో తారుకీ మార్జిన్‌కీ మధ్య నాలుగైదు అంగుళాల మెట్టు తయారైంది. ఎదురుగా బస్సు వస్తుంది, ఎడమ చక్రం మెట్టు దిగుతుంది, కారు కుదుపుతుంది. కంగారుపడి డ్రైవరు స్టీరింగుని కుడికి తిప్పుతాడు. టైరు పక్కభాగం తారు అంచుకి గీసుకుంటుందే గానీ ఎక్కదు. ఇంకా తిప్పుతాడు. అప్పుడు ఒక్కసారిగా ఎక్కేస్తుంది. కానీ అప్పటికే ముందు చక్రాలు బాగా కుడికి తిరిగి ఉంటాయి కాబట్టి కారు బాణంలా రోడ్డుకి అడ్డం పడి దూసుకుపోతుంది. ఎడమవైపు దిగిన బండి కుడివైపు కాలవలో ఎలా తేలిందా అని జనం ఆశ్చర్యపోతారు. జరిగింది ఇదే.

చక్రం దిగితే చేయవలసిన పని ఇది. స్టీరింగుని గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కారుని తిన్నగానే పోనివ్వాలి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయాలి. బ్రేకు మీద నిలబడకూడదు. ఎడమ చక్రాలు మట్టిలో, కుడి చక్రాలు తారు మీద ఉన్నప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే రెండువైపులా పట్టు ఒకలా ఉండదు, బండి గిర్రున తిరుగుతుంది. వేగం 30కి తగ్గాక, వెనకా ముందూ ఎవరూ లేరని చూసుకుని, స్టీరింగు పావువంతు తిప్పితే చక్రం ఎక్కుతుంది. ఎక్కిన వెంటనే తిన్నగా చేయాలి. మెట్టు మరీ ఎత్తుగా ఉంటే పూర్తిగా ఆగిపోయి, మెట్టు తగ్గిన చోట ఎక్కించాలి. లైసెన్సు పరీక్షలో ఎనిమిది వేయిస్తారు, రివర్సు చేయిస్తారు. ఇది మాత్రం ఎక్కడా అడగరు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేత ఖాళీ చోట, అంచున్న మైదానంలో 20 కిలోమీటర్ల వేగంతో పదిసార్లు దింపి ఎక్కించి చూడండి, చేతికి అలవాటైపోతుంది.

వానాకాలంలో ఎదుటి బండికి సైడు ఇవ్వడానికి కాలవ వైపు మార్జిన్ మీదకి దిగవద్దు. గడ్డి పచ్చగా మొలిచి గట్టు గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. కింద నీటి కోతకి మట్టి జారిపోయి, పైన గడ్డివేళ్ళు పట్టుకున్న అర అడుగు పెళ్ళ మాత్రమే మిగిలి ఉంటుంది. టన్ను బరువున్న కారు దాని మీదకి ఎక్కితే అది కారుతో సహా జారుతుంది. తారు మీదే ఆగి ఎదుటివాణ్ణి పోనివ్వండి.

అయినా పడిపోతే? కారు వెంటనే మునగదు. అర నిమిషం నుంచి నిమిషం, ఒక్కోసారి కాస్త ఎక్కువ సేపు తేలుతుంది. ప్రాణం దక్కేది ఆ నిమిషంలోనే. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే పరిశోధకుడు నిజమైన కార్లని నీళ్ళలో ముంచి చేసిన ప్రయోగాల్లో తేలిన వరస ఇది: బెల్టు, అద్దం, పిల్లలు, బయటికి. ఫోను తీయొద్దు. 108 కి చేసే ఫోను ఆ నిమిషాన్ని తినేస్తుంది. డోరు తీయొద్దు. డోరుకి బయట అరమీటరు నీళ్ళు నిలిస్తే దాని మీద దాదాపు 125 కిలోల ఒత్తిడి ఉంటుంది. మీటరు నిలిస్తే 500 కిలోలు. లోతు రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. ఒకవేళ బలం పెట్టి తీసినా నీళ్ళు ఒక్క ఉదుటున లోపలికొచ్చి కారు వెంటనే మునుగుతుంది.

బెల్టు ఊడదీసి అద్దాల బటన్ నొక్కండి. నీళ్ళు తగిలినా పవర్ విండోలు సాధారణంగా కొంతసేపు పనిచేస్తాయి. కానీ నీటి మట్టం అద్దం మీదకి వచ్చాక ఒత్తిడికి అద్దం ఫ్రేముకి అదుముకుపోతుంది, అప్పుడిక దిగదు. కిటికీలోంచి పెద్ద పిల్లల్ని ముందు పంపి, చిన్నవాణ్ణి చంకనేసుకుని బయటపడాలి. లోపల నీళ్ళు పూర్తిగా నిండాక డోరు దానంతటదే వస్తుందని ఆగి కూర్చోవద్దు. అది ఏ దారీ లేనప్పటి ఆఖరి ప్రయత్నం.

అద్దం దిగకపోతే పగలగొట్టాలి, పక్క అద్దమే. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉన్న లామినేటెడ్ గాజు, తన్నినా పగుళ్ళు పడుతుందే గానీ ఊడదు. పక్క అద్దాలు చాలా కార్లలో టెంపర్డ్ గాజు, మొనతో కొడితే పొడిపొడిగా రాలుతుంది. మధ్యలో కొట్టకుండా కింది మూలకి దగ్గరగా కొట్టండి. కొన్ని కొత్త ఖరీదైన కార్లలో పక్క అద్దాలు కూడా లామినేటెడే వస్తున్నాయి. అద్దం మూలన చిన్న అక్షరాలతో ముద్ర ఉంటుంది, ఇవాళే చూసుకోండి. 2019లో అమెరికాలో ట్రిపుల్ ఎ అనే వాహనదారుల సంఘం అద్దం పగలగొట్టే ఆరు పనిముట్లని పరీక్షిస్తే లామినేటెడ్ అద్దాన్ని ఒక్కటీ పగలగొట్టలేకపోయింది. టెంపర్డ్ అద్దం మీద సుత్తి కంటే స్ప్రింగుతో నొక్కి పేల్చే రకం బాగా పనిచేసింది. నీళ్ళలో సుత్తి విసరడానికి ఊపు రాదు కాబట్టి మేం కూడా స్ప్రింగు రకాన్నే, బెల్టు కోసే బ్లేడు ఉన్నదాన్ని చెబుతాం. దాన్ని డ్యాష్‌బోర్డు అరలో పెట్టవద్దు. కారు ముక్కు కిందకి వాలితే అరలోని సామానంతా కలిసిపోయి చేతికి దొరకదు. డ్రైవరు చెయ్యి వెతకకుండా అందుకునే చోట, గట్టిగా బిగించి ఉంచండి.

కారు తలకిందులైతే ఒక చెయ్యి కిటికీ ఫ్రేము మీద పెట్టి, అది వదలకుండా రెండో చేత్తో బెల్టు తీయాలి. ఫ్రేము వదిలేస్తే ఆ చీకట్లో దారి ఎటో తెలియదు. బయటపడ్డాక ఎదురీదకుండా ప్రవాహంతోపాటే వాలుగా గట్టు వైపు పోవాలి. కాలవ మీద ఎక్కడో ఒకచోట రేవు మెట్లు ఉంటాయి.

గట్టు మీద ఉన్నవాళ్ళకి: ఈత రానివాళ్ళు దూకవద్దు. తాడు, మూతపెట్టిన ఖాళీ 20 లీటర్ల నీళ్ళ క్యాను విసరండి. బయటికి తీసిన మనిషికి ఊపిరి లేకపోతే పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం, గిరగిర తిప్పడం మన దగ్గర అలవాటు. దయచేసి మానండి. పొట్ట నొక్కితే వాంతి అయి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ముందు రెండుసార్లు గాలి ఊదాలి. తర్వాత రొమ్ము మధ్య రెండు అంగుళాల లోతు దిగేలా, నిమిషానికి వంద నుంచి నూటఇరవై చొప్పున 30 సార్లు నొక్కాలి. మళ్ళీ రెండు ఊపిర్లు, మళ్ళీ 30. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. సాయం చేసినవాణ్ణి కేసుల్లోకి లాగకూడదని మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షను చెబుతోంది. 2025 నుంచి రోడ్డు ప్రమాద బాధితులకి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందే కేంద్ర పథకం కూడా ఉంది. డబ్బుల్లేవని ఆగవద్దు.

దాళ్వా, సార్వా కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోయడం గురించి రైతు సోదరులకి ఒక మనవి. 2014 ఏప్రిల్లో ఆళ్లగడ్డ దగ్గర ఎమ్మెల్యే శోభా నాగిరెడ్డి గారి కారు రోడ్డు మీది ధాన్యం కుప్పల్ని తప్పించబోయే బోల్తాపడింది, ఆవిడ చనిపోయారు. రాసులు ఒక వారకే పోసి, చుట్టూ రాళ్ళు పెట్టకుండా ఉంటే రాత్రి వచ్చేవాళ్ళు బతుకుతారు. చేపల లారీల నుంచి కారే నీటితో రోడ్డు నున్నగా ఉంటుంది, వాటి వెనక వెళుతుంటే, ముందు బండి దాటిన చోటికి మీరు మూడు సెకన్లకి చేరేంత దూరం చాలదు, ఐదు సెకన్ల దూరం ఉంచండి. సంక్రాంతికి హైదరాబాదు నుంచి రాత్రంతా నడుపుకుంటూ వచ్చేవాళ్ళు కన్ను మూతపడుతుంటే బండి ఆపి ఇరవై నిమిషాలు పడుకోండి. కిటికీ తీయడం, పాటలు పెట్టడం నిద్రని ఆపవు.

అధికారులకి మా కోరిక చిన్నదే. వేసవిలో ధవళేశ్వరం నుంచి నీళ్ళు ఆపి కాలవలు కట్టేసినప్పుడు పూడికలు తీస్తారు, లాకులకి రంగులు వేస్తారు. అదే సమయంలో గట్టు రోడ్ల మార్జిన్ని తారుతో సమానంగా మట్టి పోసి రోలరు తొక్కించాలి. మలుపుల దగ్గర, రోడ్డు అంచున కాలవ ఉన్న చోట్ల ఉక్కు రక్షణ పట్టీలు బిగించాలి. అంచున తెల్లగీత, రాత్రి మెరిసే గుర్తురాళ్ళు వేయాలి. జూన్‌లో నీళ్ళు వదిలాక ఈ పని ఎవరూ చేయలేరు.

ఇట్లు,
డ్రైవింగ్ నేర్పేవాళ్ళం, కార్ల మెకానిక్కులం కొందరం,
అమలాపురం